చెరువుకి జ్వరం

నాన్నా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. తాల్‌బగీచాలో మన ఇంటి వెనక చెరువు సంగతి నీకు చెప్పాలి. ఈ వేసవిలో తెల్లవారినా నీళ్ళు చల్లారడం లేదు. నువ్వు రిటైరయ్యాక తెచ్చి వదిలిన రోహు చేపలు పొద్దున్నే పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి.

"ఏటే, సెరువుకి జొరం ఒచ్చినాదేటి?" అంది అమ్మ, నేను చెబితే ఇంట్లోంచే.

నేను మా బడి ల్యాబు థర్మామీటరును తాడుకు కట్టి దించాను. పైన వేడి, అడుగున చల్లన. మరి చేపలు చల్లటి చోటికి ఎందుకు పోవు? చాలాసేపు ఆలోచిస్తే తోచింది. వేడెక్కిన నీరు తేలికై పైనే ఉండిపోతోంది, అడుక్కి గాలి అందడం లేదు. పైనీటిలోనూ వేడికి గాలి తగ్గిపోతోంది. అదే అమ్మకి చెప్పాను.

"అయితే మనవే గాలి కలపాల. దాదా, జల్దీ రండి!" అని అమ్మ పక్కింటి బెంగాలీ ఆయన్ని కేకేసి, వెదురుగడతో నీళ్ళు బాదడం మొదలుపెట్టింది. ఆయన నీళ్ళు కలిసేలా దిగి ఈదాడు. మధ్యాహ్నానికి కొన్ని చేపలు చచ్చి తేలాయి, చాలా మటుకు కోలుకున్నాయి.

భూమంతా వేడెక్కుతోందని రేడియోలో చెబుతున్నారు. అదీ ఇదీ ఒకటేనా? తెలుసుకోవాలని ఉంది.

నువ్వు పోయాక అమ్మ చెరువు వైపు రావడం ఇదే మొదలు. చీర మోకాళ్ళదాకా తడిసినా గట్టెక్కలేదు. రేపూ ఎండే. పొద్దున్నే ఇద్దరం వెళ్తాం.

నీ అమ్మాయి