మధ్యాహ్నపు రాళ్ళు

ఏప్రిల్ 2

మోడల్ టెస్టులో తొంభై ఎనిమిది శాతం కొట్టింది! మా బాస్ పెళ్ళికొడుకులా ఆఫీసంతా తిరిగాడు.

మేం చేసేది ఇంతే. క్వారీ గట్టు మీద థర్మల్ కెమెరా ఉంటుంది. అది వేడిని చూస్తుంది. చల్లటి రాయి నల్లగా, మనిషి తెల్లగా. ఆ తెల్లటిది మనిషా, కుక్కా, లారీ ఇంజనా అని మా ఏఐ చెబుతుంది. ఏదీ లేకపోతే క్లియర్. అప్పుడు మందు పేలుస్తారు. వీడియోల్లో మనుషుల చుట్టూ బాక్సులు గీసి దానికి నేర్పింది నేనే. ఆ క్వారీలో మీట నొక్కేది మా ఆయన.

ఇన్నాళ్ళూ ఎర్రజెండా పట్టుకుని జెండా తాత క్వారీ గోతిలోకి దిగి, ప్రతి బండ వెనకా తొంగిచూసి వచ్చేవాడు. పదో తారీఖున క్వారీ ఓనర్ ముందు డెమో. అది పాసైతే ఇక తాత అక్కర్లేదట.

ఏప్రిల్ 5

భోజనం దగ్గర మా ఆయన మాటల్లో అన్నాడు, పేల్చేది ఎప్పుడూ నడిమధ్యాహ్నమేనని, అందరూ తినడానికి వెళ్ళాకేనని.

నేర్పడానికి తీసిన మా వీడియోలన్నీ పొద్దున్నవి! మా కెమెరామన్‌కి ఎండంటే గిట్టదు. చల్లగా ఉన్నప్పుడే తీసుకుని చెక్కేసేవాడు. మధ్యాహ్నానికి రాయి కూడా ఒంటి వేడికి వస్తుంది. అప్పుడు తెల్లటి రాళ్ళలో తెల్లటి మనిషి. ఇంతమందిమి ఉండి ఒక్కరికీ తట్టలేదు. నా బుర్రకీ బూజు పట్టింది.

ఏప్రిల్ 6

బాస్‌కి చెప్పాను. గోరంతను కొండంత చేయొద్దన్నాడు. డెమో అయ్యాక చూద్దామన్నాడు.

ఏప్రిల్ 7

ఇవాళ మధ్యాహ్నం కెమెరా ఫీడ్ మీద థ్రెషోల్డ్ తగ్గించి, అంటే కాస్త అనుమానమున్నా మనిషే అనమని చెప్పి చూశాను. ప్రతి బండా మనిషే అంది. గోతి నిండా తిరునాళ్ళ జనం. బాస్ మండిపడ్డాడు, ఉన్నది ఉన్నట్టు పెట్టమన్నాడు. పెట్టాను.

ఏప్రిల్ 8

మా ఆయనతో చెప్పాను. నవ్వి కొట్టిపారేస్తాడనుకున్నాను. నవ్వలేదు. క్లియర్ అన్నాక నొక్కనంటే ఉద్యోగం పోతుందన్నాడు. నొక్కాక లోపల ఎవరైనా ఉన్నారని తెలిస్తే, చంపింది మీ కంప్యూటరా, నేనా అని అడిగాడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. భయమేసింది.

ఏప్రిల్ 9

రేపే డెమో.

ఏప్రిల్ 10, సాయంత్రం

రాసేస్తాను.

ఎండ నిప్పులు చెరిగింది. స్క్రీన్ బాగా కనబడాలని క్యాబిన్‌లో గోతి వైపు కిటికీలకి కర్టెన్లన్నీ వేశారు. ఓనర్, బాస్, వచ్చిన పెద్దమనుషులు, అందరి కళ్ళూ స్క్రీన్ మీదే. మా ఆయన మూలన పేల్చే పెట్టె దగ్గరున్నాడు. జెండా తాతని దిగొద్దన్నారు.

క్వారీలో ఒక పద్ధతుంది. మందు కూరాక గోతిలోకి ఎవరు దిగినా ఆ పెట్టె తాళంచెవి వాళ్ళ జేబులోనే ఉండాలి. అది లేకుండా మీట పనిచేయదు. నేను మా ఆయన దగ్గరికి వెళ్ళి చెయ్యి చాచాను. తాళంచెవి అరచేతిలో పెట్టి, నా వేళ్ళు ఒకసారి గట్టిగా పట్టుకుని వదిలాడు.

దిగాను. రాళ్ళ మధ్య కదలకుండా నిలబడ్డాను. చెప్పుల్లోంచి కాళ్ళు కాలాయి. ఏడుపొచ్చింది.

లోపల జరిగింది తాత తర్వాత చెప్పాడు. స్క్రీన్ మీద క్లియర్ పడిందట. చప్పట్లట. ఓనర్ నొక్కమన్నాడట. మా ఆయన చేతులు కట్టుకుని కూర్చున్నాడట. గట్టిగా అరిస్తే, తాళంచెవి గోతిలో ఉందనీ, తన పెళ్ళాం దగ్గరుందనీ అన్నాడట. బాస్ స్క్రీన్ చూసి, అక్కడెవరూ లేరని నవ్వాడట. మా ఆయన లేచి కర్టెన్ లాగాడట.

ఏప్రిల్ 12

డెమో రద్దు. తాత పనిలోనే ఉన్నాడు. బాస్ నాతో మాట్లాడడు, పని మాత్రం పంపాడు. మొన్నటి వీడియోకి లేబుల్ వేయాలి.

ఎక్కడ నిలబడ్డానో నాకు తెలుసు. ముందుకీ వెనక్కీ తిప్పి చూశాను. బాక్స్ గీద్దామంటే అన్నీ తెల్లటి రాళ్ళే, నేను లేను.

మా ఆయన్ని పిలిచాను. స్క్రీన్ మీద వేలు పెట్టి వెతికాడు. వెనక్కి తిరిగి నన్నొకసారి చూశాడు. మళ్ళీ వెతికాడు.