చీర అంచున ఎండిన పాలు

1934 ఆగస్టు 14, మంగళవారం

దొరగారి గ్రామఫోను ఇవాళ పాడింది. పాడకపోయినా బాగుండేదేమో.

సూది పైన ఉండే అభ్రకం బిళ్ల చుట్టూ రబ్బరు రింగు ఎండి పగిలింది. పాట గరగరమంటోందని తోట ఆఫీసులో లెక్కలు రాసే కిరాణి దాన్ని మరమ్మతులు తెలిసిన మా తమ్ముడు సామేలు దగ్గరికి తెచ్చాడు. కొత్త రింగు కౌలాలంపూర్ నుంచి రావాలంటే నెల పడుతుంది. సామేలు నా పనిచీర అంచు పట్టుకుని చూశాడు. రబ్బరు చెట్లకు గాటు పెట్టేటప్పుడు చిందిన పాలు అక్కడ ఎప్పుడూ ఎండి రబ్బరై ఉంటాయి. అందులో ఒక పట్టీ ఊడదీసి రింగు చేశాడు. పాట తేటగా వచ్చింది.

సాయంత్రం కిరాణి వచ్చి విన్నాడు. "రబ్బరు ఎక్కడిదిరా?" అన్నాడు.

"మా అప్ప సీరకి కాసినాదండి."

కిరాణి నవ్వలేదు. "సెట్టు మీదున్నా దొరదే, మీ అప్ప సీర మీదున్నా దొరదే. రేపు దొరకి సెప్తాను. ఏటి సెప్పుకుంటావో ఆయనకే సెప్పుకో."

పోయినేడు పక్క కూలీల లైనులో ఉండే నరసయ్యను గుప్పెడు రబ్బరుకే జైలుకు పంపారు.

సామేలు నిద్రపోయాడు. నేను ప్రార్థనకు రెండుసార్లు మోకరించి లేచాను. రేపు వాడితో నేనూ వెళ్తాను. ఊడదీసిన చోటు దొరకు చూపిద్దామని చీరను దీపం దగ్గరికి తెచ్చాను. అంచు నిండా, కుచ్చిళ్ల నిండా ఇంకా రబ్బరే. ఉతికినా పోదు. ఇది వాడిని కాపాడుతుందో, నన్నూ వాడి వెంట జైలుకు పంపుతుందో.

మడిచి చాప కింద పెట్టాను. పెట్టాక తోచింది, దొంగసొత్తునైతే ఇలాగే దాస్తారని...