లుక్‌అవుట్ కాలమ్

1999 ఫిబ్రవరి 3
రేపు రాత్రికి ఓడ కాకినాడ చేరుతుంది. అక్కడ కంపెనీ ఇన్‌స్పెక్షన్. డెక్ పెయింటింగ్ పూర్తి కావాలని ఓడ నడిపే బ్రిడ్జి మీద నిలబడి సముద్రం కాపలా చూసే లుక్‌అవుట్ మనిషిని కూడా కిందికి పంపమన్నారు కెప్టెన్ జగన్నాథరావు గారు. అంతర్వేది ఎదురుగా బోట్లు ఎక్కువండి, చెక్క బోటు రాడార్‌లో సరిగా పడదండి అన్నాను. మీరు అక్కడి జాలరి బిడ్డే కదండీ, వాసన పట్టి చెప్పెయ్యరా అని నవ్వారు.

నేనూ నవ్వాను. నవ్వకుండా ఉండాల్సింది.

ఫిబ్రవరి 4, సాయంత్రం 5
మధ్యాహ్నం పన్నెండుకి బ్రిడ్జి మీద వాచ్ డ్యూటీ తీసుకోగానే లాగ్‌బుక్‌లో నాలుగు గంటలకీ ఒకేసారి రాసేశాను. లుక్‌అవుట్ కాలమ్‌లో: చిట్టియ్య. చిట్టియ్య అప్పటికే కింద రంగు వేస్తున్నాడు. ఈ ఓడలో అందరం ఇలాగే రాస్తాం.

రెండుంపావు. సముద్రం మీద మసక. దూరంగా ఒక బోటు కనబడింది. ఓడని చూసి తప్పుకుంటాడులే అనుకుని చార్ట్‌లో ఓడ పొజిషన్ గుర్తు పెట్టడానికి వెనక టేబుల్ దగ్గరికి వెళ్ళాను. మూడు నిమిషాలు. తిరిగొచ్చేసరికి బోటు మా ఓడ ముక్కు కిందే ఉంది. వీల్ మొత్తం తిప్పేశాను. మనుషులు బతికారు. వల తెగిపోయింది. బోటులో ముసలాయన లేచి నిలబడి, నీ కళ్ళు పీతలు తినేశాయేంట్రా అని అరిచాడు. మా ఊరి యాస.

వల దింపిన బోటుకి తప్పుకోవడం కుదరదని మా నాన్న బుల్లియ్య నాకు ఏడో ఏటే చెప్పాడు.

ఫిబ్రవరి 5, కాకినాడ
బోటువాళ్ళు ఓడ పేరు చదివారు. ఫిర్యాదు ఇచ్చారు. సోమవారం ఎంక్వైరీ.

కెప్టెన్ గారు లాగ్ తెరిచి ఊపిరి పీల్చుకున్నారు. లుక్‌అవుట్ ఉన్నాడు కదండీ, నిద్రపోయాడని చెబుదాం, ఓడ నుంచి దించేద్దాం అన్నారు. చిట్టియ్య అసలు అక్కడ లేడండి అన్నాను. దొంగ లాగ్ రాసినందుకు మీ సర్టిఫికెట్ పోతుంది, ఆలోచించుకోండి అన్నారు. లుక్‌అవుట్‌ని కిందికి పంపమన్న ఆయన ఆర్డర్ మాత్రం కాగితం మీద ఎక్కడా లేదు.

ఫిబ్రవరి 6
చిట్టియ్య వచ్చాడు. గోళ్ళలో ఇంకా ఎర్ర పెయింట్. నేను బ్రిడ్జి ఎక్కనే లేదు కదండీ, మరి నిద్ర ఎక్కడ పోయానండీ అని అడిగాడు. టీ తాగమన్నాను. తాగకుండానే వెళ్ళిపోయాడు.

ఫిబ్రవరి 7
ఓడ లంగరు మీదుంది. చూడాల్సిందేమీ లేదు. అయినా బైనాక్యులర్స్ పట్టుకుని బ్రిడ్జి ఈ చివర నుంచి ఆ చివరికి తిరుగుతూనే ఉన్నాను. లాగ్‌లో తుడపకూడదు. తప్పు రాస్తే ఒక్క గీతే కొట్టాలి, కింది అక్షరాలు కనబడాలి, పక్కన సంతకం ఉండాలి. ఫస్ట్ ఇయర్‌లో నేర్పిన పాఠం.

ఫిబ్రవరి 8, ఉదయం 9:40
ఒక్క గీత. దాని కింద చిట్టియ్య పేరు కనబడుతోంది. పక్కన రాశాను: ఎవరూ లేరు. వీరబాబు, సెకండ్ ఆఫీసర్.