నీ టాక్సీకి వణుకు పోయింది

గిరీ, నా బంగారు తండ్రీ,

నీ టాక్సీ ఈ రోజు స్టార్టయిందిరా. ఇంత సంతోషం నీకు తప్ప ఎవరికి చెప్పుకోను?

నువ్వు పోయి ఏడాది నిండింది. నువ్వు కొని మంచం కింద దాచిన కొత్త హార్మోనిక్ బ్యాలెన్సరును, ఇంజను వణుకు ఆపే ఆ బరువైన చక్రాన్ని, నేనూ కోడలు పద్మా కలిసి బిగించాం. రైల్వే వర్క్‌షాపులో ఇన్నేళ్లు సమ్మెట కొట్టిన చెయ్యి కదా, చక్రం షాఫ్టు మీదికి ఎక్కకపోయేసరికి సుత్తి ఎత్తాను. పద్మ ఆపేసింది.

"ఏటి మావయ్యా, ఇది కూడా రైలు పట్టా అనుకున్నారేటి? లోపల రబ్బరుంటాది, కొడితే పాడైపోతాదని మీ అబ్బాయి సెప్తుండీవోరు కాదా?"

అన్నం గిన్నెలో నీళ్లు మరిగించి చక్రాన్ని వేడి చేసింది. నేను పొడుగు బోల్టు పెట్టి, నట్టు కొంచెం కొంచెంగా తిప్పుతూ లోపలికి లాగాను. ఎంత ముద్దుగా కూర్చుందో, నువ్వు చూడాల్సింది. సీసాడు పెట్రోలు పోసి స్టార్టు చేస్తే, బానెట్ మీద పెట్టిన గ్లాసులో టీ కూడా కదలలేదు.

వణుకు పోతే కొంటానన్న, నిమ్‌పురా పేటలో ఉండే ఆయన రేపు వచ్చి బండి తీసుకుపోతాడు. ఆ డబ్బుతో పద్మ కుట్టుమిషను కొనుక్కుంటుంది. అమ్ముదామని ఆమెను ఒప్పించింది నేనే.

"ఇంక ఇంజను ఆపేయమ్మా" అన్నాను.

"మీరే ఆపండి మావయ్యా" అంది.

నీ సీట్లో కూర్చున్నాను గానీ, తాళం తిప్పడానికి నాకూ చెయ్యి రాలేదు. పోసిన పెట్రోలు అయిపోయి ఇంజను దానంతటదే ఆగేదాకా ఇద్దరం వింటూ కూర్చున్నాం.

నాన్న