నేనూ చెప్పుకోవాలట

అక్కయ్యా,

చివరి రోజు సంగతి అడిగావు. నీ మరదలికి ఆ రోజు నొప్పి లేదు. పొద్దున కిటికీ తెరవమంది, నాలుగు గుక్కలు టీ తాగింది. మధ్యాహ్నం నా చేయి పట్టుకుని పడుకుంది, నిద్రలోనే పోయింది.

బడి పని చూసుకుంటూనే కౌన్సెలింగ్ డిగ్రీ సెలవు రోజుల క్లాసులకు మళ్ళీ వెళ్తున్నాను. దీనికి పరీక్షలు రాస్తే చాలదు. ఇతరుల బాధలు వినాలి, మనమూ ఒక కౌన్సెలర్ ముందు కూర్చుని మన బాధ చెప్పుకోవాలి. అదొక్కటీ వాయిదా వేస్తూ వచ్చాను. నిన్న మా క్లాసు మేడమ్, "ఏంటి మాష్టారూ, ఊరందరి గోడూ వింటారు, మీ వంతు వచ్చేసరికి నోటికి తాళమా? అది కాకుండా పట్టా రాదండీ" అన్నారు. నవ్వేశాను. ఇంటికొచ్చి తలుపు తీస్తూ, "ఏమోయ్, ఇవాళ నాకు చివాట్లు పడ్డాయి" అని కేకేశాను. పలికేవాళ్ళు లేరు. చదువు మానేద్దామనుకున్నాను గానీ, చేరమని పోరింది నీ మరదలే.

బావగారి మోకాలు ఎలా ఉంది? వీలు చూసుకుని వచ్చి ఆమె బీరువా నువ్వే సర్దాలి, నాకు చేతులాడడం లేదు. పిల్లలకు నా ఆశీస్సులు.

రేపు పొద్దున ఆ కౌన్సెలర్ గదికి వెళ్ళి, ముందుగా నీ మరదలి పేరు చెబుతాను.

తమ్ముడు