మా ఇంటి డేట్ల సమస్య

మదీనాగూడ,
మార్చి 8, 1999

అత్తకు,

సుష్మ నమస్కారాలు. నేనూ భరత్ కులాసా. అక్కడ నువ్వూ మామా నీ టైపు ఇన్‌స్టిట్యూటూ నాలుగు కాలాలపాటు టకటకలాడుతూ ఉండాలని కోరుకుంటున్నాను.

ఫోను చేస్తే అది మామ బట్టల కొట్లో మోగుతుంది. నువ్వొచ్చి రిసీవరు పట్టుకునేలోగా చీరలు బేరమాడే వాళ్లంతా నోళ్లు మూసుకుని చెవులు రిక్కిస్తారు. అందుకే ఈ ఉత్తరం.

ఇల్లు బాగుంది. కింద వాటాలో ఇంటావిడ చంద్రమ్మ గారు ఉంటారు. ఈ ఊరివాళ్లే. మనం ఏ కూర వండామో మెట్లమీద నుంచే వాసన పట్టి చెప్పేస్తారు. ఆఫీసు హైటెక్ సిటీలో, కొత్తగా కట్టిన ఆ గుండ్రటి భవనంలో. చుట్టూ బండరాళ్లు, మధ్యలో అద్దాల మేడ. లోపల ఎంత చలంటే, మార్చి నెలలో అందరం స్వెట్టర్లు వేసుకుని కూర్చుంటాం.

ఏం పని అని అడిగావు కదా. మా దగ్గర అందరిదీ డేట్ల సమస్యే. వచ్చే జనవరికల్లా సరిచెయ్యకపోతే ఎక్కడికక్కడ ఆగిపోతుందట. అందుకే మమ్మల్ని ఇంతమందిని ఉద్యోగాల్లోకి తీసుకున్నారు. భరత్ ఆఫీసులోనూ అదే గోల. పాపం, అతనికి నాకన్నా ఎక్కువ.

ఉంటాను.
నీ మేనకోడలు,
సుష్మ

తా.క.: అసలు సంగతి ఇది. నాకు డేట్ రాక మూడో నెల నడుస్తోంది. ఎవరికీ చెప్పకు.

---

ప్రొద్దుటూరు,
మార్చి 15, 1999

చిరంజీవి సుష్మకు,

నీ తాజా కలం చదివినప్పటి నుంచి కుర్చీలో కుదురుగా కూర్చోలేకపోతున్న అత్త నాగేశ్వరి వెయ్యి దీవెనలతో రాయునది.

ఎవరికీ చెప్పొద్దన్నావు, చెప్పలేదు. పక్కింటి కమలమ్మకు మాత్రం చెప్పాను. ఊరంతా కమలమ్మ దగ్గర వింటే అది నా తప్పు కాదు. మీ మామ కొట్లో ఆ పూట వచ్చిన వాళ్లందరికీ కలకండ పంచాడు. ఎందుకని అడిగితే, "ఊరికేనే తినండప్పా, ఎందుకో త్వరలో తెలుస్తాది" అన్నాడట. ఇక తెలియడానికి ఏం మిగిలింది?

నువ్వు మా ఇంట్లో ఉండి చదువుకున్న పిల్లవి. పెళ్లయి ఇరవయ్యేళ్లు దాటినా నాకు కడుపు పండలేదని ఎవరు ఏమన్నా, "మా సుష్మ లేదా?" అనేదాన్ని. ఇప్పుడు ఆ సుష్మకే బిడ్డంటే నేను అత్తనా, అమ్మమ్మనా? రెండూ నేనే. మీ అమ్మతో నేను మాట్లాడుకుంటాలే.

హైదరాబాదు బస్సు డ్రైవరు చేతికి ఒక డబ్బా ఇచ్చి పంపాను. నిమ్మకాయ ఊరగాయ, మినప సున్నుండలు, కమలమ్మ ఇచ్చిన ఏదో పొడి ఉన్నాయి. పొడి మాత్రం తినొద్దు. ఆమె అడిగితే తిన్నానని చెప్పు.

బరువులెత్తకు. మెట్లెక్కకు. ఆ మేడలో లిఫ్టు ఉంటుందిగా.

ఇట్లు,
అత్త

తా.క.: మీ ఆఫీసులో అందరికీ డేట్ల సమస్యే అని రాశావు. ఆ చలిగదుల్లో కూర్చోబెడితే ఆడపిల్లల ఒళ్లు ఏం కావాలి? మీ పెద్దాయనకు నేనే ఒక అర్జీ టైపు చేసి పంపుతాను. భరత్‌కు నీకన్నా ఎక్కువని కూడా రాశావు. మగవాళ్లకు కూడా ఉంటుందా అని మీ మామను అడిగితే, చెప్పులేసుకుని కొట్టుకు వెళ్లిపోయాడు.

---

మదీనాగూడ,
ఏప్రిల్ 2, 1999

అత్తకు,

సున్నుండల డబ్బా క్షేమంగా చేరింది. అది పంపడానికి కారణమైన శుభవార్త మాత్రం నిజం కాదు.

ముందు ఆఫీసు సంగతి. అవి కంప్యూటర్లలోని తారీఖులు అత్తా! ఏడాదిని రెండంకెలతోనే రాశారు కాబట్టి, రెండువేలు రాగానే వాటికి మతిపోయి వందేళ్లు వెనక్కి వెళ్తాయట. వాటిని దిద్దడమే మా పని. దయచేసి అర్జీ పంపకు. భరత్ నీ ఉత్తరం చదివి ఆ పూట అన్నం కూడా సరిగ్గా తినలేకపోయాడు, నవ్వుతో.

ఇక నా సంగతి. చందానగర్‌లో మందుల షాపు నుంచి పరీక్ష కార్డు తెచ్చుకుని చూసుకున్నాను. ఒక్క గీతే వచ్చింది. ఇలా రెండో గీత కోసం చూడటం ఇది మొదటిసారి కాదు. ఏడాదిన్నరగా బిడ్డ కోసం చూస్తున్నాం. నాకు కాలేజీ రోజుల నుంచీ నెలసరి ఇష్టమొచ్చినప్పుడే వస్తుంది, నీకు తెలుసు. ఈమధ్య నడుము చుట్టూ బరువు చేరింది. ఈ వయసులో మొహం మీద మొటిమలు. మెడ వెనక నల్లబడితే గొలుసు మరక అనుకుని పీచుతో రుద్దాను. గడ్డం కింద గట్టి వెంట్రుకలు వస్తుంటే, తలుపు గడియ పెట్టుకుని పీకేసుకుంటున్నాను. ఇవన్నీ దేనికది వేరనుకున్నాను.

మెట్లమీద కూర్చుని ఏడుస్తుంటే చంద్రమ్మ గారు చూశారు. "ఏంది బిడ్డా, గిట్ల ఒక్కదానివే ఏడుస్తున్నవ్? ఫికర్ జెయ్యకు. పొద్దుగాల దవాఖానకు పోదాం, నేనొస్త," అన్నారు. అన్నట్టే తెల్లారేసరికి కొత్త చీర కట్టుకుని వాకిట్లో నిలబడ్డారు.

డాక్టరు కృష్ణప్రియ గారిది చందానగర్ బజారులోనే. నేను నెలసరి గురించి చెప్పానో లేదో, మొటిమలూ మెడా గడ్డం వెంట్రుకలూ ఆవిడే వరసగా అడిగారు. ఇవన్నీ ఒక్క ఇంటి మనుషులే కావచ్చట. పాలిసిస్టిక్ ఓవరీ సిండ్రోమ్ అంటారట. స్కాన్ చేస్తే ముత్యాలదండ కనిపించింది. "అలాగని ఇదొక్కటీ చూసి ఖాయం చెయ్యను. థైరాయిడ్, షుగరు, ఇంకొన్ని రక్తపరీక్షలు కూడా చూడాలి," అన్నారు. భరత్‌ని కూడా పరీక్షకు రమ్మన్నారు.

పిల్లలు పుట్టరని కాదట అత్తా. నెలనెలా అండం విడుదల కావడం లేదు, అంతే. నడవాలి, బరువు కొంచెం తగ్గాలి, అవసరమైతే మందు ఇస్తారు. భయమేసింది కానీ, ఇన్నాళ్ల దానికి ఒక పేరుందని తెలిశాక కొంచెం తేలికగా కూడా ఉంది.

నీ
సుష్మ

తా.క.: ఇంటికొచ్చాక చంద్రమ్మ గారు ఒకటే మాట అన్నారు: "రోగం పేరు గింత పొడుగున్నది, డాక్టరమ్మ మాత్రం గింతే ఉన్నది."

---

ప్రొద్దుటూరు,
ఏప్రిల్ 12, 1999

చిరంజీవి సుష్మకు,

తొందరపడి కలకండ పంచిన మామ తరఫునా, నా తరఫునా చెంపలు వేసుకుంటూ అత్త రాయునది.

నా కళ్లజోడు కాడ విరిగి బాగుచేతకు వెళ్లింది. నీ ఉత్తరం మీ మామ కొట్లోనే కూర్చుని, గిరాకీల మధ్య చదివి, సారాంశం ఇంటికి తెచ్చాడు. వస్తూనే, "ఏమే నాగా, హైదరాబాదులో డాక్టరమ్మ ముత్యాలదండ అడుగుతాండాదంట! ఎంత అన్యాయం!" అన్నాడు. ముత్యాల ఊరు కదా, అక్కడ ఫీజులు అలా ఉంటాయేమో అనుకున్నాను. మీ మామ ఊరుకునే మనిషి కాదు. నువ్వు రాసిన పేరు, చందానగర్ బజారు అని చిరునామా పెట్టి ఆమెకు నేరుగా ఉత్తరం రాసేశాడు. "మా అమ్మాయి వైద్యానికి న్యాయమైన రొక్కం ఇచ్చుకుంటాం. ముత్యాలు మాత్రం మా వల్ల కాదు. కావాలంటే మంచి వెంకటగిరి చీర ఒకటి పంపగలం" అని. నాకు చెప్పింది పోస్టులో వేశాకే.

నిన్న కళ్లజోడు వచ్చింది. నీ ఉత్తరం నేనే చదువుకున్నాను. ముత్యాలదండ స్కాన్‌లో కనిపించిందని ఉంది. మీ మామకు చూపించాను. "అయితే మింగిందేమోనే," అన్నాడు. ఇక ఆయనతో నాకు పని లేదు. అదేమిటో నువ్వే వివరంగా రాయి.

నువ్వు ఏడవకు. ఏడ్చినా మెట్లమీద కూర్చుని ఏడవకు, మెడ పట్టేస్తుంది.

ఇట్లు,
అత్త

తా.క.: వెంకటగిరి చీర నిజంగానే పక్కన తీసిపెట్టాడు. ఆకుపచ్చది. ఆవిడ రంగేమిటో కనుక్కోమంటున్నాడు.

---

మదీనాగూడ,
మే 20, 1999

అత్తకు,

నవ్వి నవ్వి పొట్ట నొప్పితో సుష్మ రాయునది.

మొన్న మేం వెళ్లేసరికి డాక్టరు గారి బల్లమీద మామ ఉత్తరం ఉంది. ఆవిడ మొహం గంభీరంగా పెట్టుకుని మొత్తం పైకి చదివారు. చీర దగ్గరికి వచ్చేసరికి నర్సు బయటికి పరుగెత్తింది. భరత్ కుర్చీలోకి కుంగిపోయాడు. ఆవిడ కాగితం మీద బొమ్మ గీసి మరీ చూపించారు: అండాశయం అంచున చిన్నచిన్న నీటిబుడగలు వరసగా ఉంటే, స్కాన్‌లో దండ గుచ్చినట్టు కనిపిస్తాయట. అంతే. చీర వద్దన్నారు. ఆకుపచ్చ రంగు మాత్రం తనకు బాగుంటుందన్నారు.

మిగతా పరీక్షల్లో థైరాయిడ్ బాగానే ఉంది. షుగరు లేదు కానీ, జాగ్రత్తగా ఉండమన్నారు. అన్నీ కలిపి చూసి, ఇది ఆ సిండ్రోమే అన్నారు. భరత్‌ని పరీక్షకు పంపడానికి నాకు తలప్రాణం తోకకొచ్చింది. రేపు అనేవాడు, ఆఫీసులో కొత్త ప్రోగ్రాం రిలీజ్ ఉందనేవాడు. చివరికి చంద్రమ్మ గారే, "ఏందయ్యా, పిల్లలు ఆమె ఒక్కదానికేనా? జర నువ్వు గూడ చూపించుకో," అన్నారు. మర్నాడే వెళ్లాడు. అతనికి ఏ ఇబ్బందీ లేదు.

ఇప్పుడు రోజూ పొద్దున్నే చంద్రమ్మ గారూ నేనూ బొంబాయి హైవే దాకా నడుస్తున్నాం. లారీల హారన్ల కన్నా ఆవిడ గొంతే పెద్దగా వినిపిస్తుంది. ఇంకో సంగతి. మొన్న నాకు డేట్ వచ్చింది. మందు లేకుండా, దానంతట అది! ఇన్నాళ్లూ అది వస్తే ఏడ్చేదాన్ని. మొన్న మాత్రం కిందికి పరుగెత్తి చంద్రమ్మ గారి నోట్లో చక్కెర పోశాను. ఆవిడ కడుపొచ్చిందనుకుని నన్ను గట్టిగా వాటేసుకున్నారు. కాదని చెప్పేసరికి నా ప్రాణం పోయింది.

అత్తా, ఒక మాట అడుగుతాను, కోపం తెచ్చుకోకు. నా చిన్నప్పుడు నువ్వు కిటికీ దగ్గర చిన్న అద్దం పెట్టుకుని గడ్డం కింద వెంట్రుకలు తీసుకునేదానివి. నేను వస్తే అద్దం బోర్లించేదానివి. నీకూ నెలలు తప్పుతుండేవని అమ్మ అంటుంటే విన్నాను. నిన్ను ఎవరైనా డాక్టరుకు చూపించారా? గుళ్లూ, ముడుపులూ కాదు. డాక్టరుకు. ఇది రక్తసంబంధీకుల్లో కూడా ఉంటుందని కృష్ణప్రియ గారు అన్నారు, నువ్వు మా నాన్నకు తోడబుట్టినదానివి కదా. పిల్లల కోసం అని కాదు, షుగరు లాంటివి చూసుకోవాలట. ఒక్కసారి వెళ్లి రా. నా కోసం.

నీ
సుష్మ

తా.క.: డాక్టరు గారు మామ ఉత్తరం తిరిగివ్వనన్నారు. నీరసంగా ఉన్న రోజున చదువుకుంటారట.

---

ప్రొద్దుటూరు,
జూన్ 14, 1999

నా బంగారు సుష్మకు,

ఎన్నో కాగితాలు చింపి, చివరికి ధైర్యం చేసి అత్త రాయునది.

నీ ఉత్తరం చదివి ఆ పూట పొయ్యి వెలిగించలేదు. మీ మామ భయపడి కాఫీ తనే పెట్టాడు. నన్ను ఎవరూ డాక్టరుకు చూపించలేదమ్మా. నా గడ్డం గురించి ఇన్నేళ్లలో నన్ను అడిగిన మొదటి మనిషివి నువ్వే. అందరూ నా కడుపును చూసి మాట్లాడినవాళ్లే. నేనే ఏదో తప్పు చేసి పుట్టాననుకున్నాను. దానికి ఒక పేరుంటుందని, నువ్వు చెప్పేదాకా తెలియదు.

అందుకే డాక్టరు అనసూయమ్మ దగ్గరికి వెళ్లాం. నీ ఉత్తరంలోని లక్షణాలన్నీ అప్పజెప్పాను. నెలసరి సంగతి అడిగితే, "శివరాత్రి నుంచీ లేదమ్మా, నలభయ్యో ఏడు వచ్చింది, ఇక నిలిచిపోయినట్టే," అన్నాను. ఆమె స్కాన్ చేస్తూ చేస్తూ ఆగిపోయింది. మళ్లీ చూసింది. ఆ టీవీ పెట్టెను నా వైపు తిప్పి, "ఏమ్మా, నాలుగు నెలల బిడ్డ ఉండాది కదా లోపల, నీకు తెలీలేదా?" అంది.

సుష్మా, చెయ్యి కదిలించింది. నేను చూశాను.

నీకున్నదే నాకూ ఉన్నట్టుందట. కొందరికి వయసు మీదపడే కొద్దీ నెలలు దారికొస్తాయట, అండం విడుదల అవుతుందట. నాకు ఏ నెలో అలా అయిందన్నమాట. గ్యాస్ అనుకుని నేను తాగిన సోడాలకు లెక్కలేదు. ఈ వయసులో జాగ్రత్త ఎక్కువ కావాలంది. షుగరు చూస్తూ ఉంటుందట. ఇంతవరకు అంతా బాగుంది. మీ మామ అక్కడే నేలమీద చతికిలబడ్డాడు. నాకు నీళ్లివ్వాల్సిన నర్సు ఆయనకిచ్చింది.

ఈ ఉత్తరం రాయడానికి నాకు ఎందుకు చెయ్యి రాలేదో నీకు తెలుసు. ఈ మాట ముందు నీ నోట వినాల్సింది. నీకు మనసు కలుక్కుమంటే దాచుకోకు. ఏడుపొస్తే ఏడువు, నా మీద కోపమొస్తే రెండు తిట్లు రాసి పంపు. ఆ తర్వాత ఒక వారం సెలవు పెట్టి రా. నాకు భయంగా ఉంది. ఈ వీధిలో నా ఈడువాళ్లంతా మనవళ్లను ఎత్తుకుని తిరుగుతున్నారు. వాళ్ల మధ్య పొట్టతో నడవాలంటే పక్కన నువ్వుండాలి. ఇద్దరం కలిసి నడుద్దాం. నీకూ మంచిది, నాకూ మంచిదని అనసూయమ్మ చెప్పింది.

నువ్వు ఆ మాట అడగకపోయుంటే, నేను ఇంకా సోడాలు తాగుతూ ఉండేదాన్ని.

ఇట్లు,
ఇప్పుడు ఎవరికి ఏ వరస అవుతుందో తెలియని
మీ అత్త నాగేశ్వరి

తా.క.: మగపిల్లాడు పుడితే వరసకు నీకు బావ అవుతాడు. "మేనరికం హక్కు మా వాడిది. భరత్‌ను కొంచెం మర్యాదగా నడుచుకోమని రాయి," అంటున్నాడు మీ మామ.