ముగ్గు రోబోను ఈ రోజే ఆపు

ఉషా,

అయ్యవారితో పదకొండో రోజు పని మాట్లాడడానికి పెనుకొండ వెళ్తున్నాను. అవ్వ ముందు చెప్పలేక రాస్తున్నాను. నువ్వు అమ్మకు చేసిచ్చిన ముగ్గు రోబోను సాయంత్రంలోగా ఆపు. మరవవద్దు. వసారా ఊడ్చినవాళ్లెవరో నిన్న దాన్ని చార్జింగుకు పెట్టినట్టున్నారు. ఈ ఉదయం అయిదున్నరకే వాకిట్లోకి దిగి, పదకొండు చుక్కల ముగ్గు వేసి, తిరిగి తన చోట కూర్చుంది. ఎక్కడ నొక్కి ఆపాలో నాకు తెలియలేదు. నువ్వు అమ్మకు మాత్రమే నేర్పావు.

తనకల్లు అవ్వ లేచి చూసింది. "కూతురు పోయి ఆరు దినాలు కాలేదు, ఇంటి ముందర ముగ్గేంది? ఎవురేసినారు నాయనా?" అని అడిగింది. తెలియదన్నాను. రేపు కూడా వేస్తే దాన్ని ఇంట్లో ఉండనివ్వదు.

టైమర్ ఒక్కటే ఆపు. లోపలి ముగ్గులేవీ చెరపవద్దు. మోకాళ్లు వంగని రోజుల్లో అమ్మ మంచం మీద కూర్చొని, ఫోనులో వేలితో గీసినవి అవి.

పొయ్యి పక్కన ఉప్మా ఉంది. కొంచెమైనా తిను.

నాయన

ఈ రోజు ముగ్గును నేనే నీళ్లు పోసి కడిగాను. ఆ పని నీ చేతికి రాకూడదు.